ఇంటి సోలార్ సొంతంగా: బ్యాటరీ, ఇన్వర్టర్, ప్యానెళ్ళలో ఏది ముందు తేల్చుకోవాలి, ఏది ఎవరికి సరిపోతుంది

ఇంటికి సోలార్ సొంతంగా పెట్టుకోవాలనుకునేవాళ్ళు చాలావరకు ముందు ప్యానెళ్ళు కొనేస్తారు. తర్వాత వాటికి సరిపోయే ఇన్వర్టర్ వెతుకుతారు. చివర్లో మిగిలిన డబ్బుకు ఎంత బ్యాటరీ వస్తే అంత తెస్తారు. సిస్టమ్ రెండో ఏడాదికే మొరాయించడానికి చాలాసార్లు ఈ వరసే కారణం. పని రెండో చివర నుంచి మొదలుపెట్టాలి. రాత్రికి ఎంత కరెంటు కావాలో తేలితే బ్యాటరీ తేలుతుంది. ఒకేసారి ఏమేం నడుస్తాయో తెలిస్తే ఇన్వర్టర్ తేలుతుంది. ఆ ఇన్వర్టర్ డేటా షీటు చేతికొచ్చాకే ఎన్ని ప్యానెళ్ళు, వాటిని ఎలా కలపాలి అన్న మాట. కింద ప్రతి ఎంపికనూ ఈ వరసలోనే పోల్చి చెబుతున్నాం.

ముందు లోడు లెక్క

లెక్క వాట్లలో ఆపకుండా యూనిట్ల దాకా తీసుకెళ్ళాలి. 1,000 వాట్ల లోడు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ప్రతి వస్తువుకూ వాట్లు, రోజుకు ఎన్ని గంటలు అని రెండు గడులు రాసి గుణించండి. ఫ్రిజ్, ఏసీ లాంటివి ఆగి ఆగి నడుస్తాయి కాబట్టి వాటి మీద రాసిన వాట్లతో లెక్కవేస్తే తప్పొస్తుంది. ప్లగ్‌లో పెట్టే ఎనర్జీ మీటరుతో కనీసం 24 గంటలు కొలవాలి. అన్ని వరుసల పక్కనా మూడో గడి ఒకటి ఉండాలి: ఇందులో సూర్యుడు లేని వేళ వాడేది ఎంత?

ఈ దశలోనే లోడు తగ్గించడం అన్నిటికంటే చౌకైన పని. 75 వాట్ల మామూలు ఫ్యాన్లు మూడు, రోజుకు 10 గంటలు తిరిగితే 2.25 యూనిట్లు. అవే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 0.9 యూనిట్. మిగిలిన 1.35 యూనిట్లంటే 5 యూనిట్ల బ్యాటరీలో పావు వంతు పైనే. ఫ్యాన్లు మార్చడమా, బ్యాటరీ పెంచడమా అన్నప్పుడు ఫ్యాన్లే మార్చండి.

లెక్కలో అందరూ మరిచిపోయే లోడు ఇన్వర్టరే. ఏమీ నడవకపోయినా అది ఖాళీగా ఉండి కొంత తింటుంది. 5 కిలోవాట్ల మోడళ్ళలో 50 వాట్లు మామూలే. 24 గంటలకు 1.2 యూనిట్లు, అంటే ఓ మోస్తరు ఫ్రిజ్ అంత. డేటా షీటులో ఈ అంకె 'నో లోడ్ కన్సంప్షన్' అన్న పేరుతో ఉంటుంది. రెండు ఇన్వర్టర్లు మిగతా అన్నిటిలో సమానంగా ఉంటే దీన్ని బట్టే ఎంచుకోవచ్చు.

ఇక్కడి నుంచి ఒక నమూనా ఇంటి లెక్కతో నడుద్దాం: ఇన్వర్టర్ తినేదాంతో కలిపి రోజుకు 8 యూనిట్లు, అందులో పొద్దుగూకాక 4.5 యూనిట్లు. ఒకేసారి నడిచే లోడు 2 కిలోవాట్లు, అందులో ఒక హార్స్‌పవర్ నీళ్ళ మోటారు ఒకటి.

గ్రిడ్‌తో ఉండాలా, విడిగా ఉండాలా

దారులు మూడు. బ్యాటరీ లేని గ్రిడ్‌టై, అంటే ప్యానెళ్ళను నేరుగా వీధి లైనుతో (గ్రిడ్‌తో) కలిపేది, మొదటిది. ఖర్చు తక్కువ, వృథా తక్కువ, చెడిపోయే భాగాలూ తక్కువే. అయితే వీధిలో కరెంటు పోతే మిట్ట మధ్యాహ్నం ఎండలో కూడా ఇదీ ఆగిపోతుంది. అది లోపం కాదు. లైను మీద పనిచేసేవాళ్ళకు మీ ప్యానెళ్ళ కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనంతట తాను ఆగాలన్నది నిబంధన, దీన్నే యాంటీ ఐలాండింగ్ అంటారు. కరెంటు కోతలు లేని చోట, బిల్లు తగ్గితే చాలనుకునేవారికి ఇంతకు మించింది అక్కర్లేదు.

పూర్తిగా ఆఫ్‌గ్రిడ్, అంటే లైనుతో సంబంధమే లేనిది, రెండోది. లైనే లేని చోట తప్పదు. లైను ఉండి కూడా పట్టుదలకు పోయి ఇది పెడితే, వరసగా నాలుగు మబ్బు రోజులు తట్టుకోవడానికి బ్యాటరీని మూడు నాలుగింతలు చేయాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ అదనపు బ్యాటరీ ఊరికే కూర్చుంటుంది.

మూడోది హైబ్రిడ్. ప్యానెళ్ళు, బ్యాటరీ, లైను మూడూ ఒకే పెట్టెకు వస్తాయి. లైను పోగానే బ్యాకప్ అవుట్‌పుట్‌కు కలిపిన సర్క్యూట్లు మాత్రమే నడుస్తాయి. ఇల్లంతా బ్యాకప్ మీద పెట్టాలన్న కోరిక వదులుకోండి. గీజర్, ఓవెన్ లాంటివి లైను వైపే ఉంచి, లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, రూటర్, మోటారు బ్యాకప్ డీబీకి (బ్యాకప్ సర్క్యూట్ల విడి బోర్డుకు) మార్చితే ఇన్వర్టర్ సైజు సగానికి దిగుతుంది.

సొంతంగా చేసుకునేవారికి ఆఫ్‌గ్రిడ్‌కూ హైబ్రిడ్‌కూ మధ్యలో ఇంకో మంచి దారి ఉంది: లైను ఇన్‌పుట్ ఉన్న ఆఫ్‌గ్రిడ్ ఇన్వర్టర్. బ్యాటరీ దిగిపోతే లైను నుంచి తీసుకుంటుంది, లైనుకు మాత్రం తిరిగి ఏమీ పంపదు. ఎక్స్‌పోర్ట్ ఉండదు కాబట్టి అనుమతుల తలనొప్పి చాలావరకు తప్పుతుంది. మిగులు కరెంటు అమ్ముకునే ఉద్దేశం లేకపోతే మా ఓటు దీనికే. లైనుతో సమాంతరంగా పనిచేసే ఏ ఇన్వర్టర్‌కైనా విద్యుత్ సంస్థ అనుమతి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ సంతకం తీసుకోవాల్సిందే. సొంత పని ప్యానెళ్ళు, డీసీ (ప్యానెల్, బ్యాటరీ కరెంటు) వైపు వరకే. మెయిన్ బోర్డు జోలికి వెళ్ళొద్దు.

బ్యాటరీ: లెడ్ యాసిడా, లిథియమా

మొత్తం ఖర్చులో పెద్ద వాటా దీనిదే, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

నమూనా ఇంటికి రాత్రి 4.5 యూనిట్లు కావాలి. ఇన్వర్టర్ మార్పిడిలో పది శాతం పోతుందనుకుంటే బ్యాటరీ నుంచి 5 యూనిట్లు లాగాలి. ట్యూబులర్ లెడ్ యాసిడ్‌ను సగానికి మించి దించకూడదు, అంటే 10 యూనిట్ల బ్యాటరీ కావాలి. 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు నాలుగు కలిపితే 9.6 యూనిట్లు. ఒక్కోటీ 60 కిలోలకు పైనే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను, వాడుకలో ఎల్ఎఫ్‌పీ, 85 శాతం దాకా నిశ్చింతగా వాడొచ్చు, అంటే 5.9 యూనిట్లు చాలు. 51.2 వోల్టుల 100 ఏహెచ్ ప్యాక్ ఒకటి 5.12 యూనిట్లే ఇస్తుంది. కొంచెం తక్కువ. రెండు పెడితే 10.24, ఓ మబ్బు రోజుకు కూడా మిగులుతుంది.

సైకిళ్ళ లెక్క కూడా చూడండి. బ్యాటరీని ఒకసారి దించి మళ్ళీ నింపితే ఒక సైకిల్. సగం లోతుకు వాడిన ట్యూబులర్ సుమారు 1,200 నుంచి 1,500 సైకిళ్ళు వస్తుంది. 80 శాతం లోతుకు వాడిన ఎల్ఎఫ్‌పీ 3,000 నుంచి 6,000 దాకా. ఛార్జ్ పెట్టి తిరిగి తీసేసరికి లెడ్ యాసిడ్‌లో 15 నుంచి 25 శాతం పోతుంది, ఎల్ఎఫ్‌పీలో 5 నుంచి 8 శాతం. ఆ తేడాను పూడ్చడానికి లెడ్ యాసిడ్‌కు అదనంగా ఒక ప్యానెల్ పెట్టాల్సి వస్తుంది.

సోలార్‌లో లెడ్ యాసిడ్ తొందరగా పోవడానికి అసలు కారణం సైకిళ్ళు కాదు. దాని ఛార్జింగ్‌లో చివరి 20 శాతం చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, మూడు నాలుగు గంటలు పడుతుంది. అంతలో పొద్దు వాలిపోతుంది. రోజూ 85, 90 దగ్గరే ఆగిపోయిన బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, కెపాసిటీ నెలనెలా తరుగుతుంది. లైను నుంచి నిండా ఛార్జ్ అయ్యే మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ ఐదారేళ్ళు వచ్చిన ఇంట్లోనే సోలార్‌కు పెట్టింది మూడేళ్ళకు చేతులెత్తేయడం ఇందుకే. పైగా ఏహెచ్ అంకె సీ20 రేటులో ఇచ్చిందైతే 20 గంటల్లో నెమ్మదిగా లాగినప్పుడే ఆ కెపాసిటీ. ఐదు గంటల్లో లాగేస్తే దాదాపు 80 శాతమే దక్కుతుంది. రెండు బ్రాండ్లను పోల్చేటప్పుడు సీ10 అంకెలతోనే పోల్చండి.

ఎల్ఎఫ్‌పీకి మాత్రం నిండా ఎక్కకపోయినా బాధ లేదు. అప్పుడప్పుడు 100 శాతానికి వెళ్ళి సెల్స్ సమం అయితే చాలు. దాని గట్టి నిషేధం ఒకటే: సెల్ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే తక్కువగా ఉంటే ఛార్జ్ చేయకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా పాడవుతుంది. గడ్డకట్టే చలి ఉన్న చోట హీటర్ ఉన్న ప్యాక్ తీసుకోవాలి, లేదా బ్యాటరీని ఇంటి లోపల పెట్టుకోవాలి. వేడి రెంటికీ శత్రువే. లెడ్ యాసిడ్ ఆయుష్షు 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ సుమారుగా సగమవుతుంది. పైకప్పు రేకుల కింది గది రెంటికీ తగదు.

అయితే లెడ్ యాసిడ్ ఎప్పుడు? ఇప్పటికే చేతిలో మంచి స్థితిలో ఉన్నప్పుడు. లేదా కరెంటు ఎప్పుడో పోయే చోట, మిగతా రోజులన్నీ లైను మీద నిండా ఉండే బ్యాకప్‌కు. రోజూ దించి ఎక్కించే పనికి కొత్తగా కొనేటప్పుడు ఎల్ఎఫ్‌పీ తప్ప వేరేది సూచించలేం. పాత ఎలక్ట్రిక్ కార్ల నుంచి తీసిన ఎన్ఎంసీ (ఇంకో రకం లిథియం) సెల్స్ తక్కువకు దొరుకుతాయి, చోటూ తక్కువ పడుతుంది. కానీ వాటిలో మంట రేగే ఉష్ణోగ్రత ఎల్ఎఫ్‌పీ కంటే తక్కువ. మనుషులు నిద్రపోయే ఇంట్లో వాటిని పెట్టొద్దు.

విడి సెల్స్ కొని కట్టుకోవడమా, రెడీ ప్యాకా

280 ఏహెచ్ ప్రిస్మాటిక్ (పెట్టె ఆకారపు) సెల్స్ 16 కలిపితే 51.2 వోల్టులు, 14.3 యూనిట్లు. యూనిట్‌కు పడే ఖర్చు రెడీ ప్యాక్ కంటే బాగా తగ్గుతుంది, ఏ సెల్ పోయినా అదొక్కటే మార్చుకోవచ్చు. అందుకు బదులు మీ నెత్తిన పడే పనులివి: బీఎంఎస్ (సెల్స్‌ను గమనిస్తూ కాపాడే సర్క్యూట్) ఎంపిక, బాక్సు, ఫ్యూజు, బస్‌బార్లు (సెల్స్‌ను కలిపే లోహపు పట్టీలు), సెల్స్ అన్నిటినీ పారలల్‌లో కలిపి 3.65 వోల్టులకు తెచ్చే టాప్ బ్యాలెన్సింగ్. ఈ చివరి పని దాటేస్తే ఒక సెల్ మిగతావాటికంటే ముందే 3.65 తాకుతుంది, బీఎంఎస్ మొత్తం ప్యాక్‌ను ఆపేస్తుంది, స్క్రీన్ మీద 85 శాతమే ఉన్నా ఇక ఛార్జ్ ఎక్కదు. "బ్యాటరీ నిండటం లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇదే.

మొదటిసారి చేసేవారికి ఐఈసీ 62619 సర్టిఫికెట్ ఉన్న రెడీ ప్యాకే మంచిది. ర్యాక్ రకం ప్యాకుల్లో బీఎంఎస్, బ్రేకర్ లోపలే ఉంటాయి. కొనే ముందు మీ ఇన్వర్టర్‌తో క్యాన్ లేదా ఆర్ఎస్485 అనే డేటా లింకు ద్వారా మాట్లాడుతుందో లేదో ఇన్వర్టర్ తయారీదారు ఇచ్చిన జాబితాలో చూడండి. రెంటికీ ఒకే రకం ప్లగ్గు ఉన్నంత మాత్రాన సరిపోదు. లోపలి పిన్నుల వరస కంపెనీని బట్టి మారుతుంది, మామూలు నెట్‌వర్క్ కేబుల్ పెట్టి కమ్యూనికేషన్ రావట్లేదని ప్యాక్ తిప్పి పంపేవాళ్ళున్నారు.

బీఎంఎస్ ఆంప్స్ చూడకుండా ఏహెచ్ మాత్రమే చూడటం మరో పొరపాటు. 5 కిలోవాట్లు 48 వోల్టుల దగ్గర, ఇన్వర్టర్ వృథా కలుపుకొని, దాదాపు 112 ఆంప్స్. 100 ఆంప్స్ బీఎంఎస్ ఉన్న ఒక్క ప్యాక్ పూర్తి లోడు మీద ట్రిప్ అవుతుంది, సరిగ్గా మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో. రెండు ప్యాకులు పారలల్‌లో పెడితే ఒక్కోటి 56 ఆంప్స్ మోస్తుంది, ఆయుష్షూ పెరుగుతుంది. కలిపే ముందు రెంటినీ విడివిడిగా నిండా ఛార్జ్ చేయండి. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉన్నప్పుడు కలిపితే వాటి మధ్య ఒక్కసారిగా భారీ కరెంటు పారుతుంది. ప్రతి ప్యాక్ నుంచి బస్‌బార్‌కు వెళ్ళే కేబుళ్ళు ఒకే పొడవు ఉండాలి. దగ్గరున్న దానికి పొట్టిది, దూరమున్న దానికి పొడుగుది వేస్తే దగ్గరిదే ఎక్కువ పని చేసి ముందు అరుగుతుంది.

12, 24, 48 వోల్టులు

3 కిలోవాట్ల లోడుకు 12 వోల్టుల్లో 250 ఆంప్స్, 24లో 125, 48లో 62.5. వైరు మందం తేడా అందరికీ తెలిసిందే. అంతకంటే ముఖ్యమైనది జాయింట్ల దగ్గర జరుగుతుంది. సరిగా నొక్కని లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు కొన) ఒక్కదానిలో ఒక మిల్లీఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి. 250 ఆంప్స్ దగ్గర అక్కడ 62 వాట్ల వేడి పుడుతుంది, చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత. ఇన్సులేషన్ కరగడానికి అది చాలు. అదే లగ్గు 62.5 ఆంప్స్ దగ్గర 4 వాట్లే. అదే నాణ్యత పని, 16 రెట్లు తక్కువ వేడి. అందుకే 1 కిలోవాట్ లోపు అయితే 12, 2 దాకా 24, అంతకు మించితే 48 అన్నది పాటించదగ్గ హద్దు. మున్ముందు పెంచుకునే ఆలోచన ఏ మాత్రం ఉన్నా నేరుగా 48కే వెళ్ళండి. తర్వాత వోల్టేజీ మార్చడమంటే ఇన్వర్టర్, బ్యాటరీ, ఛార్జర్ అన్నీ మార్చడమే.

ఇన్వర్టర్: ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదా, లేనిదా

బరువైన లో ఫ్రీక్వెన్సీ ఇన్వర్టర్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది, తన రేటింగ్‌కు మూడింతల దాకా కొన్ని సెకన్లు ఇవ్వగలదు. తేలికైన హై ఫ్రీక్వెన్సీది రెండింతలు, అదీ కొద్ది క్షణాలే. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు కిలోవాట్ పైన తీసుకుంటుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. నమూనా ఇంటికి 3 కిలోవాట్ల ట్రాన్స్‌ఫార్మర్ రకం గానీ, 5 కిలోవాట్ల హై ఫ్రీక్వెన్సీ రకం గానీ సరిపోతుంది. మొదటిది ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ తింటుంది, రెండోదాంట్లో ఎంపీపీటీ ఛార్జర్ (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు తీసేది) కలిసే వస్తుంది. ఇంట్లో మోటారు ఒకటే అయితే దాన్ని మెల్లగా స్టార్ట్ చేసే సాఫ్ట్ స్టార్టర్ గానీ వీఎఫ్‌డీ గానీ పెట్టి రెండో రకం తీసుకోవడం మేలు. వర్క్‌షాప్, వెల్డింగ్, రెండు మూడు మోటార్లు ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ రకమే. ఏదైనా సరే ప్యూర్ సైన్ వేవ్ (లైను కరెంటులాంటి నున్నటి అల ఇచ్చేది) తప్పనిసరి.

విడి ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటుతో బ్యాటరీని నింపే పెట్టె) కొనేటట్లయితే పీడబ్ల్యూఎం రకం ఇప్పటి పెద్ద ప్యానెళ్ళకు పనికిరాదు. అది ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 540 వాట్ల ప్యానెల్‌ను 12 వోల్టుల బ్యాటరీకి దానితో కలిపితే 13.5 వోల్టులు, 13 ఆంప్స్, అంటే 180 వాట్ల లోపే. మూడింట రెండు వంతులు గాలికి పోయినట్టే. ఎంపీపీటీ అదే ప్యానెల్ నుంచి దాదాపు అంతా తీస్తుంది.

ప్యానెళ్ళు: ఎన్ని, ఏ రకం, ఎలా కలపాలి

రోజు యూనిట్లను నెల సగటు ఎండ గంటలతోనూ, వృథా పోగా మిగిలే 0.75తోనూ భాగించండి. ఎండ గంటలంటే పగలు పొడవు కాదు, చదరపు మీటరుకు 1,000 వాట్ల పూర్తి ఎండతో సమానమైన గంటలు. ఏడాది సగటు 4.5 ఉన్న చోట కూడా మబ్బు నెలలో 3కు పడిపోవచ్చు. ఆ నెలతోనే లెక్క వేయాలి: 8 ÷ (3 × 0.75) = 3.55 కిలోవాట్లు. 540 వాట్లవి 7 పెడితే 3.78. చోటు 18 చదరపు మీటర్లు, నడిచే దారి అదనం.

పెర్క్, టాప్‌కాన్ అని రెండు రకాల మధ్య చాలా చర్చ నడుస్తుంటుంది. ప్యానెల్ 65 డిగ్రీలకు వేడెక్కితే పెర్క్ సుమారు 14 శాతం, టాప్‌కాన్ 12 శాతం పోగొట్టుకుంటుంది. తేడా రెండు శాతం. బైఫేషియల్ (రెండు వైపులా వెలుతురు తీసుకునే) రకం లాభం ప్యానెల్ ఎత్తుగా, కింద నేల తెల్లగా ఉంటేనే. కప్పుకు ఆనించి బిగిస్తే వెనక వైపు పడే వెలుతురు అతి కొద్ది. ఐఈసీ 61215, 61730 సర్టిఫికెట్లు, వారంటీ నిలబెట్టే కంపెనీ ఉంటే రకం గురించి ఎక్కువ మథన పడొద్దు.

ఆలోచన పెట్టాల్సింది స్ట్రింగ్ (ఒకదాని వెనక ఒకటిగా కలిపిన ప్యానెళ్ళ వరస) వోల్టేజీ మీద. ఇన్వర్టర్ గరిష్ఠ పీవీ (ప్యానెళ్ళ వైపు) వోల్టేజీ 500 అనుకోండి. ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ (దేనికీ కలపనప్పటి) వోల్టేజీ 49.5. పది కలిపితే 495, కాగితం మీద సరిపోయింది. కానీ ఆ 49.5 సెల్ 25 డిగ్రీలు ఉన్నప్పటిది. చల్లబడే కొద్దీ వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.27 శాతం. 5 డిగ్రీల చలి పొద్దున తొలి ఎండ తగిలేసరికి అది 522 అవుతుంది. ఇన్‌పుట్ భాగం ఆ ఒక్క ఉదయంతో కాలిపోవచ్చు, వారంటీ కూడా వర్తించదు, ఎందుకంటే ఇన్వర్టర్ ఆ వోల్టేజీని రికార్డు చేసి పెడుతుంది. మీ ప్రాంతంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతకు లెక్కకట్టి, హద్దుకు ఇంకా కొంత కింద ఉండాలి. మన ఏడు ప్యానెళ్ళకు 346 వోల్టులు, ఎంత చలిలోనైనా భయం లేదు. వేడి వైపు కూడా చూడాలి: పనిచేసే వోల్టేజీ 41.5 చొప్పున 290, మండుటెండలో 250కి దిగుతుంది. ఇన్వర్టర్ ఎంపీపీటీ పరిధి 120 నుంచి 450 అయితే హాయిగా మధ్యలో ఉన్నట్టు. వోల్టేజీ హద్దు దాటితే ఇన్వర్టర్ చస్తుంది. వాట్లు కొంచెం ఎక్కువైతే తీసుకోగలిగినంతే తీసుకుంటుంది, అది ప్రమాదం కాదు. అయినా షార్ట్ సర్క్యూట్ కరెంటు హద్దు మాత్రం దాటనివ్వొద్దు.

నీడ పడే కప్పుకు ఏం చేయాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. ప్యానెల్‌లో నీడ పడిన భాగాన్ని పక్కన పెట్టి కరెంటు దాటించే బైపాస్ డయోడ్లు మూడుంటాయి. ఒక మూలన నీడ పడితే సాధారణంగా మూడో వంతు పోతుంది. తూర్పు వైపు కొన్ని, పడమర వైపు కొన్ని పెట్టేటట్లయితే రెండు ఎంపీపీటీలున్న ఇన్వర్టర్ తీసుకుని దేనికది కలపండి. నీళ్ళ ట్యాంకు, చెట్టు నీడ రోజంతా తిరుగుతూ వేర్వేరు ప్యానెళ్ళ మీద పడుతుంటేనే ఆప్టిమైజర్లు (ప్రతి ప్యానెల్‌కూ విడిగా పెట్టే ఎంపీపీటీలు). మైక్రో ఇన్వర్టర్లు (ప్యానెల్ కిందే బిగించే చిన్న ఇన్వర్టర్లు) బ్యాటరీ లేని ఇంటికి చక్కగా సరిపోతాయి. బ్యాటరీతో కలపాలంటే ఫ్రీక్వెన్సీ మార్చి వాటిని అదుపు చేసే ఇన్వర్టర్ కావాలి, సొంత పనికి అది అనవసరపు చిక్కు.

స్టాండు విషయంలో గాలిని తక్కువ అంచనా వేయొద్దు. గంటకు 150 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద 100 కిలోలకు పైగా ఒత్తిడి పెడుతుంది. 2.58 చదరపు మీటర్ల ప్యానెల్ మీద 270 కిలోల దాకా పడొచ్చు, ప్యానెల్ బరువు చూస్తే 28 కిలోలే. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అడ్డం పెట్టి సరిపెట్టడం కుదరదు. ప్యానెల్ ముఖం భూమధ్య రేఖ వైపు, వాలు మీ అక్షాంశానికి దగ్గరగా ఉంచండి. అక్షాంశం ఎంత తక్కువైనా 10 డిగ్రీలకు తగ్గించొద్దు, వాన దుమ్మును కడిగేది ఆ వాలు మీదే.

ఫ్యూజులు, వైర్లు, ఎర్తింగ్

280 ఏహెచ్ సెల్ లోపలి రెసిస్టెన్స్ 0.2 మిల్లీఓమ్‌ల దగ్గర ఉంటుంది. 16 సెల్స్, బస్‌బార్లు కలిపినా 5 మిల్లీఓమ్‌లు దాటదు. అంటే స్పానర్ జారి రెండు టెర్మినళ్ళకూ తగిలితే 10,000 ఆంప్స్ పారే వీలుంది. ఆ కరెంటును తెంపగలిగేది క్లాస్ టీ ఫ్యూజు, దానికి 20,000 ఆంప్స్ తెంపే శక్తి ఉంటుంది. కార్ ఆడియోకు వాడే ఏఎన్ఎల్ ఫ్యూజులు చాలావరకు 32 వోల్టులకే తయారైనవి. 56 వోల్టుల దగ్గర అవి కాలినా లోపల ఆర్క్ (తెగిన చోట ఆగకుండా మండే మెరుపు) ఆరదు. 5 కిలోవాట్లకు 112 ఆంప్స్, దానికి పావు వంతు కలిపితే 140, కాబట్టి 150 ఆంప్స్ ఫ్యూజు, పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా. కేబుల్ 50 స్క్వేర్ ఎంఎం రాగి, పొడవు రెండు మీటర్లు మించకుండా. లగ్గులను హైడ్రాలిక్ క్రింపర్‌తోనే నొక్కాలి, సుత్తితో కొట్టిన లగ్గు గురించి పైన చెప్పిన లెక్క గుర్తుంచుకోండి.

ప్యానెళ్ళ వైపు ఏసీ బ్రేకర్ ఎప్పుడూ వద్దు. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నా దాటుతుంది, ఆర్క్ దానంతటదే ఆరుతుంది. డీసీలో ఆ అవకాశమే లేదు. డీసీ బ్రేకర్లలో కూడా ప్లస్, మైనస్ గుర్తులున్న రకాన్ని తిరగేసి కలిపితే ఆర్క్ ఆరాల్సిన గదిలోకి వెళ్ళదు, బ్రేకరే అంటుకుంటుంది. గుర్తుల్లేని రకం కొంటే ఆ బెడద ఉండదు. స్ట్రింగులు ఒకటి రెండైతే ఫ్యూజులు అక్కర్లేదు. మూడైతే తప్పనిసరి: చెడిన స్ట్రింగులోకి మిగతా రెంటి కరెంటు 27.8 ఆంప్స్ ఎదురు పారుతుంది, ప్యానెల్ మీద రాసి ఉండే గరిష్ఠ ఫ్యూజు 25 ఆంప్స్.

కప్పు నుంచి ఇన్వర్టర్‌కు 15 మీటర్లయితే రానూపోనూ 30 మీటర్లు. 4 స్క్వేర్ ఎంఎం సోలార్ కేబుల్‌లో 13 ఆంప్స్‌కు 1.7 వోల్టులు పోతాయి, 290లో అర శాతం పైచిలుకు. మందం పెంచి డబ్బు వేయాల్సిన చోటు ఇది కాదు. ఎంసీ4 (ప్యానెల్ వైర్లను కలిపే) కనెక్టర్లలో మగది ఒక కంపెనీ, ఆడది ఇంకో కంపెనీ వాడొద్దు. చూడటానికి అతుక్కుంటాయి గానీ లోపలి కాంటాక్టు వదులుగా ఉండి ఏడాది తిరిగేసరికి కరుగుతాయి. ఎండలో కరెంటు పారుతుండగా వాటిని లాగి విప్పనూ కూడదు.

ఎర్తింగ్‌లో ఒక్క విషయం కొలిచి చూడాల్సింది ఉంది. లైను తీసేసి బ్యాకప్ మీద నడిపి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటరు పెట్టండి. సున్నా దగ్గర ఉంటే బంధం ఉన్నట్టు. 230 వోల్టుల సిస్టమ్‌లో 100 దరిదాపుల్లో చూపిస్తే న్యూట్రల్ తేలుతోంది, షాక్ తగిలినా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) ట్రిప్ కాకపోవచ్చు. కొన్ని ఇన్వర్టర్లలో బ్యాకప్ సమయంలో ఈ బంధం వేసే రిలే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేయించండి. శాశ్వతంగా ఒక వైరు వేసేయడం మాత్రం తప్పు. లైను వచ్చినప్పుడు రెండు చోట్ల బంధం ఏర్పడి ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటుంది.

సెట్టింగులు, మొదటి రోజు

48 వోల్టుల తరగతి ఎల్ఎఫ్‌పీకి ఛార్జింగ్ 56 నుంచి 56.8, ఫ్లోట్ 54, దిగువ కటాఫ్ 48. ప్యాక్ తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పెట్టండి. ఈక్వలైజేషన్, టెంపరేచర్ కాంపెన్సేషన్ రెండూ ఆఫ్‌లో ఉండాలి, అవి లెడ్ యాసిడ్ కోసం పెట్టినవి. ఎల్ఎఫ్‌పీలో ఎంత మిగిలిందో వోల్టేజీ చూసి చెప్పలేం, 30 శాతం దగ్గరా 70 శాతం దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. బీఎంఎస్ రీడింగు గానీ, విడిగా షంట్ మీటరు (వచ్చిపోయే కరెంటును లెక్కపెట్టేది) గానీ కావాలి.

ముందు బ్యాటరీ కలిపి ఇన్వర్టర్ స్క్రీన్ వెలిగాక, చివర్లో ప్యానెళ్ళు కలపాలి. ఆపేటప్పుడు ఇందుకు తిరగ్గా, ముందు ప్యానెళ్ళే. విడి సెల్స్‌తో కట్టిన ప్యాక్‌ను నేరుగా తగిలిస్తే ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా నిండి పెద్ద నిప్పురవ్వ వస్తుంది. ఓ 50 ఓమ్‌ల 25 వాట్ల రెసిస్టర్ ద్వారా కొన్ని సెకన్లు తాకించి, తర్వాత బిగించండి.

ప్యానెళ్ళు కలిపే ముందు స్ట్రింగు వోల్టేజీ డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ళను విడదీసే స్విచ్) దగ్గర కొలవండి, 1,000 వోల్టుల మీటరుతో. ఏడు ప్యానెళ్ళకు ఎండ వేళ 320 నుంచి 345 మధ్య రావాలి. 16 వోల్టులు తక్కువ చూపిస్తే ఎక్కడో ఒక బైపాస్ డయోడ్ షార్ట్ అయింది. 230 నుంచి 250 మధ్య చూపిస్తే ఒక ప్యానెల్ తిరగబడి కలిసింది: దానిది పోవడమే కాక ఇంకో దాన్ని కూడా తీసేస్తుంది. మైనస్ గుర్తు చూపిస్తే మొత్తం స్ట్రింగే తిరగబడింది, అలా ఇన్వర్టర్‌కు కలపొద్దు.

తర్వాత పూర్తి లోడు గంటసేపు నడిపి, ప్రతి లగ్గునూ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి. పక్కవాటికంటే 10 డిగ్రీలు ఎక్కువ ఉన్నది ఏదైనా ఉంటే సిస్టమ్ ఆపి దాన్ని విప్పి మళ్ళీ క్రింప్ చేయండి. నెల తిరిగాక బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మరోసారి బిగించాలి, ఎందుకంటే వేడెక్కి చల్లారే కొద్దీ రాగి లగ్గుల కింద పట్టు సడలుతుంది.